రాజుగారి మనిషి

నిన్న మార్కాపురంలో మా మనవరాలు టీవీ పెడితే, ఏదో చిన్న దేశపు అధ్యక్షుడు తన సైనికులను పెద్ద దేశం చేసే యుద్ధానికి సాగనంపుతూ, తిరిగొచ్చిన వాళ్ళకు ఇళ్ళిస్తానంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది, అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మా నాయనది నల్లమల అవతల, తెల్లవాళ్ళ చెప్పుచేతల్లో ఉండిన ఒక చిన్న సంస్థానం. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు అక్కడి రాజు దొరల మెప్పు కోసం ఇంటికొక మనిషిని పంపమన్నాడట. చెరువు పూడిక తీయడానికి ఇంటికొకరు వెళ్ళే ఆనవాయితీ ఎటూ ఉంది కనుక, జనం దీన్నీ అలాంటి పనే అనుకుని కదిలారు. తిరిగొచ్చిన వాడికి చెరువు కింద రెండెకరాలని రాజు మాట. నాయన బర్మాలో ఒక పాదం పోగొట్టుకుని తిరిగొచ్చాడు.

ఊరి పేరు కన్నా ముందు రాజు పేరు చెప్పడం మా వాళ్ళకు మర్యాద. పటాలం నుంచి ఇంటికి పంపించేసే రోజున గుమాస్తా అడిగితే, నాయన రాజుగారి మనిషినని కాగితం మీద రాయించుకున్నాడు. ఆ మర్యాదే మా కొంప ముంచింది. భూమి కోసం వెళితే, యుద్ధం తెల్లవాళ్ళది, వాళ్ళనే అడగమన్నాడు రాజు; పటాలం వాళ్ళు కాగితం చూసి, మీ రాజునే అడగమన్నారు. ఇంతలో తెల్లవాళ్ళు ఓడెక్కారు, సంస్థానం దేశంలో కలిసిపోయింది.

మేము గిద్దలూరు పక్కన అమ్మ పుట్టినూరు చేరాం. నాకు నాలుగు అక్షరాలు రాగానే నాయన ఏటా కలెక్టరుకు అర్జీ రాయించేవాడు. మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే, రాజుగారి మనిషిని అని. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి ఆయనకు చెప్పకుండా ఆ వాక్యం ఎగరగొట్టి, మాజీ సైనికుడని మాత్రం రాశాను. ఆ ఏడే మొదటిసారి జవాబు వచ్చింది, విచారణకు కర్నూలు రమ్మని. సంబరం పట్టలేక నేను చేసిన పని చెప్పేశాను.

నాయన కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. "రాజు మనల్ని ఇడిసిపెట్టినాడు. నేను ఇడిసిపెట్టలేదు గదమ్మా" అన్నాడు. కర్నూలు పోలేదు. అమ్మ ఏడ్చింది, తిట్టింది, ఆ తర్వాత చచ్చేదాకా కూలికి పోయింది. నాయన మీద నాకా కోపం ఈనాటికీ చల్లారలేదు.

ఇప్పుడు రాజులు లేరు, అర్జీలు ఫోన్లలోనే పెడుతున్నారు. ఆ చిన్న దేశంలోనూ రేపు ఏ పిల్లో తండ్రి కోసం అర్జీ రాస్తుంది. మొదటి వాక్యం కొట్టెయ్యమని ఆ పిల్లకు చెప్పాలని ఉంది. కొట్టేసినా వాళ్ళ నాయన కదలడని కూడా నాకు తెలుసు.