యాభై నలుగురికి ఐదు రోజుల పని

2023 జూలైలో నేను బెంగళూరు శివారు బొమ్మసంద్రలో పంపు బాడీలు తయారుచేసే ఒక కర్మాగారంలో ప్లానింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఆ నెలలో మేము పోగొట్టుకున్నవి వరుసగా చెప్తాను. మొదట విదేశీ కొనుగోలుదారు ఒకరు పోయారు. ఆ వెనకే రాత్రి షిఫ్టు, దాని భత్యం పోయాయి. ఇనుమును కంప్యూటరు అంకెల ప్రకారం కోసే పద్దెనిమిది సిఎన్‌సి యంత్రాల్లో నాలుగింటికి ముసుగులు వేశాం. ఓవర్‌టైము పోయింది, సాయంత్రం టిఫిను పోయింది, కె.ఆర్.పురం వైపు వెళ్లే కంపెనీ బస్సు పోయింది. నెలాఖరున నలుగురు మనుషులు పోయారు.

ఆ నలుగురూ బర్ విభాగంలోని ఆడవాళ్లు. యంత్రం కోసిన ఇనుప ముక్క అంచున సన్నని రేకులాంటి పొర మిగిలిపోతుంది. దాన్ని బర్ అంటారు. ఆకురాయితో చేత్తో తీయాలి. కర్మాగారంలో అందరికంటే చివర చేరినవాళ్లంతా ఆ విభాగంలోనే ఉండేవారు. మనుషులను శాశ్వతంగా తీసేయడాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. దానికి చివర చేరినవాళ్లు ముందు పోవాలనేది నియమం. ఎవరు ఎప్పుడు చేరారో చూపించే సీనియారిటీ పట్టీ నోటీసు బోర్డు మీద పెట్టగానే, పట్టీ అడుగున తమ పేరు వెతుక్కోవలసినవాళ్లు ఎవరో అందరికీ తెలిసిపోయింది.

నేను ఐటీఐ కూడా చదవలేదు. లేత్ మీద హెల్పర్‌గా చేరి, పని గంటల లెక్క నా అంతట నేను నేర్చుకున్నాను. అప్పటికి మా దగ్గర యాభై ఎనిమిది మంది కార్మికులు. ఉన్న ఆర్డర్లకు నలభై ఐదుగురు చాలు. మిగులు పదముగ్గురు. ఆ లెక్క ప్లాంట్ మేనేజర్ అడిగితే నేనే వేసి ఇచ్చాను. అందులో తప్పేమీ లేదు. యంత్రం ఒక ముక్కను కోస్తున్నంతసేపు ఆపరేటరు ఖాళీగానే ఉంటాడు కాబట్టి, ముందటి ముక్కకు బర్ అతనే తీసుకోవచ్చునని ఆయన ఆలోచన. ఆ ఆలోచనా తప్పు కాదు.

నలుగురు పోయాక ఇంకా తొమ్మిది మంది పోవాలి. వారిలో మొదటి పేరు ఎస్తేరుది. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఆమె మడివాళలో ఒక గదిలో మరో ముగ్గురితో కలిసి ఉండేది. ఆ ముగ్గురిలో ఇద్దరు అప్పటికే పోయినవాళ్లే. నాలుగు భాగాల అద్దె ఇద్దరి మీద పడింది. ఒకరోజు ఆమె ప్లానింగ్ టేబులు దగ్గరికి వచ్చి, "సార్, నన్ను ఎప్పుడు తీసేస్తారో ముందే చెప్పేయండి. గది ఖాళీ చేస్తే అడ్వాన్సు అన్నా వెనక్కి వస్తుంది" అంది. ఆమె ఏడవలేదు. తేదీ అడిగింది, అంతే.

ఆ రోజు లెక్కను మనుషుల్లో కాకుండా రోజుల్లో వేసి చూశాను. నలభై ఐదుగురు ఆరు రోజులు చేసే పని వారానికి రెండు వందల డెబ్భై పనిదినాలు. మిగిలిన యాభై నలుగురూ తలా ఐదు రోజులు చేసినా అదే రెండు వందల డెబ్భై. అంటే ప్రతి ఒక్కరూ వారానికి ఒక రోజు ఆగితే ఎవరూ పోనక్కరలేదు. ఇలా తాత్కాలికంగా పని ఆపడాన్ని లే-ఆఫ్ అంటారు. ఆ రోజుకు సగం జీతం వస్తుంది. కార్మికుడికి పోయేది వారానికి సగం రోజు జీతం.

మేనేజరు శ్రద్ధగానే విన్నారు. రెండు అభ్యంతరాలు చెప్పారు. ఆపరేటరు రాని రోజు అతని యంత్రం దగ్గర ఎవరు నిలబడతారు? ఊరికే కూర్చోబెట్టి సగం జీతం ఎందుకివ్వాలి? రెంటికీ ఒకటే జవాబు తోచింది నాకు. బర్ విభాగం వాళ్లు తమ లే-ఆఫ్ రోజున ఒక పూట వచ్చి యంత్రం నేర్చుకోవాలి, ఆపరేటరు రాని రోజు దాన్ని వాళ్లే నడపాలి. కార్మిక సంఘం ఒప్పుకుని సంతకం పెడితే మూడు నెలలు చూద్దామన్నారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. యంత్రంలో కోత ఉలి అరిగేకొద్దీ కొలత తప్పుతుంది. మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని ఆ తేడాను తెర మీద అంకెలు కొట్టి సరిచేయాలి. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. మా షాపులో ఒక అలవాటుండేది. ఆఫ్‌సెట్ కొట్టేటప్పుడు ఆపరేటరు తెరకు అడ్డంగా నిలబడతాడు. పక్కవాడికి వీపు తప్ప ఏమీ కనపడదు. ఎన్నేళ్లు కలిసి పనిచేసినా అంతే. అది తెలిసినవాడిని ఎవరూ తీసేయరని వాళ్ల నమ్మకం.

సంఘం కార్యదర్శి మునిరెడ్డి అందరికంటే సీనియర్ ఆపరేటరు. తాతల కాలం నుంచి ఆనేకల్ దగ్గర స్థిరపడిన తెలుగు కుటుంబం. క్యాంటీనులో నా మాట విని గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఏమప్పా, నా మిషను నేనే నేర్పించి నేనే ఇంట్లో కూర్చోవాల్నా? ఈ పొద్దు ఒక దినం అంటాండావు. రేపు మిషనే వాళ్లది అయిపోతాది."

ఈ తొమ్మిది మందీ పోయాక ఆర్డర్లు ఇంకా తగ్గితే, అప్పుడు పట్టీ అడుగున ఎవరుంటారో చూడమన్నాను. బర్ వాళ్లు అయిపోతే ఆ తర్వాత ఉన్నవి ఆపరేటర్ల పేర్లే. వాళ్లలో చివరి ఇద్దరినీ పనిలోకి చేర్పించింది మునిరెడ్డే. అతను గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అట్లయితే రెండు మాటలు రాయాల. వాళ్లు ఎంత బాగా నేర్చినా సీనియారిటీలో మమ్మల్ని దాటకూడదు. ఇంగ, పోయిన ఆ నలుగురు ఉండారే, పని వస్తే మొదలు వాళ్లనే పిలవాల. కొత్తోళ్లను కాదు."

మేనేజరు రెండూ ఒప్పుకున్నారు. కాగితాల మీద సంతకాలయ్యాయి.

అయినా మొదటి రోజు మునిరెడ్డి పాత అలవాటు చొప్పునే తెరకు అడ్డంగా నిలబడ్డాడు. వెనక ఎస్తేరు కాసేపు అటూ ఇటూ తొంగి చూసింది.

"అన్నా, నేను మీ వీపు నేర్చుకోవడానికి రాలేదు. తెర చూపించండి."

పక్క యంత్రాల వాళ్లు పగలబడి నవ్వారు.

"ఏం నోరప్పా ఈయమ్మది!" అన్నాడు మునిరెడ్డి. వెంటనే, "ఇది నేర్చి నా మిషను మడివాళకు ఎత్తుకుపోతావా ఏం?" అన్నాడు.

"ఉన్న గదిలో మాకే చోటు లేదన్నా. దీన్నెక్కడ పెట్టమంటారు?"

అతను నవ్వుతూ ఒక అడుగు పక్కకు జరిగాడు. ఏ అంకె ఎందుకు కొడుతున్నాడో పైకి చెబుతూ కొట్టడం అదే మొదటిసారి వినడం నేను. వారం తిరిగేలోగా మిగతావాళ్లూ జరిగారు. కొందరు గొణుగుతూ జరిగారు, కానీ జరిగారు.

ఆ ఏర్పాటు మూడు నెలలు దాటి ఫిబ్రవరి దాకా నడిచింది. మొదటి నెలలో పనికిరాని ముక్కలు కొంచెం పెరిగాయి, తర్వాత పాత స్థాయికి దిగాయి. ఒక ట్రాక్టరు కంపెనీ ఆర్డరు రాగానే అందరికీ ఆరు రోజుల పని మళ్లీ మొదలైంది. తొమ్మిది మందిలో ఒక్కరూ పోలేదు. ఎస్తేరు ఇప్పుడు రెండు యంత్రాలు చూసుకుంటోంది.

నేను నేర్చుకున్నది ఇది. మిగులు ఎంతమంది అని అడిగితే పదముగ్గురు అనే జవాబు వస్తుంది. మిగులు ఎన్ని రోజులు అని అడిగితే తలా ఒకటి అనే జవాబు వస్తుంది. లెక్క రెండింట్లోనూ సరైనదే. రెండోది నిలబడాలంటే మాత్రం తెలిసినవాడు పక్కకు జరగాలి, దాన్ని నేను ఏ కాగితం మీదా వేసి చూపించలేను.

తీసేసిన నలుగురిలో ముగ్గురిని, నేను పదవీ విరమణ చేసేలోగా, పట్టీ వరుసలోనే తిరిగి పిలిచారు. నాలుగో ఆమె సువార్త. పోయిన నెల ఒక ఖాళీ వస్తే కాంట్రాక్టు మనిషిని పెట్టబోయారని, మునిరెడ్డి ఒప్పందం చూపించి ఆపాడని ఎస్తేరు ఫోనులో చెప్పింది. ఆ ఖాళీ అలాగే ఉంది. ఈ రోజుకు బాకీ ఒకరు.