వరుస తప్పి నేర్చుకున్న మాటలు

మోకాలు దెబ్బతిన్నాక ఇల్లందు బొగ్గుగనిలో తట్ట మోయడం నావల్ల కాలేదు. గుమాస్తా పరీక్ష పాసైతే పైన ఆఫీసులో పని ఇస్తామన్నారు. తప్పితే కొలువు పోయినట్టే. ఎనభైల చివరి మాట ఇది. లెక్కలంటే నాకు భయం లేదు. బడి మానేశాక సొంతంగా నేర్చుకున్నవే. కానీ పరీక్షలో సగం ఇంగ్లీషు మాటల అర్థాలు.

ఖమ్మంలో పాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కొని, ఎక్కాలు నేర్చినట్టే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. రెండో ఎక్కం రాకుండా మూడోదానికి పోకూడదని నా పద్ధతి. ఒక్క మాట తడబడినా మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి. చలికాలంలో మొదలుపెడితే ఎండలు ముదిరినా 'డి' దాటలేదు. పరీక్ష దగ్గరపడింది.

బియ్యం ఏరుతూ నా భార్య అంది: "ఏందయ్యా, ఇంకా గా నాలుగో అక్షరం కాడనే ఉన్నవా? పరీక్షోళ్లు నీకోసం ఆడిదాంకనే అడుగుతరా?"

పక్కనే ఉన్న బావమరిది నవ్వాడు. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. "బావా, బొగ్గుబాయిల మనం మాట్లాడేదంత ఇంగ్లీషే గదా. సపోర్టు, ట్రాన్స్‌పోర్టు, రిపోర్టు. గవ్విటి సంగతి చూడరాదు?"

ఏళ్లుగా నా నోట్లో ఉన్న మాటలే అవి. వాటికి అర్థం వెతకాలని ఎన్నడూ తోచలేదు. మొదటిసారి వరుస వదిలి 'సపోర్ట్' తీశాను. చివర చిన్న అక్షరాల్లో, 'పోర్ట్' అంటే పాత లాటిన్‌లో మోయడం అని ఉంది. కింది నుంచి మోసేది సపోర్ట్. అవతలికి మోసేది ట్రాన్స్‌పోర్ట్. సంగతిని వెనక్కి మోసుకొచ్చేది రిపోర్ట్. పెద్ద పెద్ద సంఖ్యలన్నిటినీ ఒక చిన్న సంఖ్య శేషం లేకుండా భాగించినట్టు అనిపించింది. కప్పును మోసే దుంగ, బొగ్గును మోసే టబ్బు, షిఫ్టు చివర పైకి పంపే కాగితం, మూడూ ఒకే మాట పిల్లలు! ఎక్కడో ఎప్పుడో ఎవరో పలికిన మాట నేల కింద చీకట్లో పనిచేసే మా దాకా వచ్చింది. ఆ రోజు నుంచి వరుస వదిలేసి, గనిలో మేం వాడే మాటలనే ఒక్కొక్కటిగా వెతికాను.

పరీక్షలో 'పోర్టబుల్' అడిగారు. అంతకుముందు చూడని మాట. 'పోర్ట్' తెలుసు, 'ఏబుల్' మొదటి పేజీలోదే. "మోసుకుపోవడానికి వీలైనది" అని రాశాను.

ఆఫీసులో కుర్చీ దొరికింది. మొదటి రోజు ఎదుటి గోడమీది ఇంగ్లీషు బోర్డులోని మాటలను పైకే పలుకుతూ ముక్కలు ముక్కలుగా విడదీస్తూ కూర్చున్నాను. బావమరిది కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏంది బావా, గోడతోని మాట్లాడుతున్నవా?"

"అవ్," అన్నాను. "అదే నాతోని మాట్లాడుతున్నది."