మూడో విండోలో మక్కచేను

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా తార్నాక ఫ్లాట్‌లో, ఒకే కంప్యూటర్ మీద ఇరవై పొలాలు ఒకేసారి సాగు చేశానని నేను చాలామందికి చెప్పాను. వినేవాళ్ళ ముఖాన్ని బట్టి ఆ లెక్క పెరుగుతూ ఉండేది. నిజానికి మూడే. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది, మూడోది అన్నగారిది.

అన్నగారంటే సొంత అన్న కాదు. యూనివర్సిటీలో నాతోపాటు పనిచేసి, నాకంటే కాస్త ముందు రిటైరైన మనిషి. కరీంనగర్ వైపు ఊరు, విద్యానగర్‌లో కాపురం. నన్ను ‘తమ్మీ’ అనేవారు. నాది గోదావరి వైపు. పొద్దున్నే ఇద్దరం క్యాంపస్‌లో నడిచేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మా ఇంటికి పొలం పనికి వచ్చేవారు.

పొలమంటే ఇంటర్నెట్‌లో ఆడే ఆట. విత్తనం వేయాలి, నీళ్ళు పెట్టాలి, వేళకు కోయాలి. లేకపోతే ఎండిపోతుంది. పక్క పొలంవాళ్ళు వచ్చి నీళ్ళు పోస్తే ఎండిన పైరు కూడా మళ్ళీ లేస్తుంది, అందుకని ఆ ఆటకు ఇరుగుపొరుగు కావాలి. ఆయన ఇంట్లో కంప్యూటర్ లేదు. ఖాతా నేనే తెరిచిపెట్టాను. పాస్‌వర్డ్‌గా తన ఊరి పేరు పెట్టుకున్నారు. ఎప్పుడు చూసినా ఆయన వేసేది ఒకటే పైరు, మొక్కజొన్న.

“బెండ వేయండి అన్నగారూ, తొందరగా కాపుకొస్తుంది.”

“నీ బెండకాయ నువ్వే తిను తమ్మీ. మక్కలు ఎయ్యనీ. మక్కచేను ఎట్లుంటదో నీకేం ఎర్క?”

ఒక బ్రౌజర్‌లో ఒక ఖాతానే నిలిచేది. రెండోది తెరిస్తే మొదటిది మూసుకుపోయేది. ఒకే ఖాతాను రెండుచోట్ల తెరిచినా అంతే, మొదటిచోట మూసుకుపోయేది. అందుకని మూడు రకాల బ్రౌజర్లు దించి, మూడు విండోలు పక్కపక్కన పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి “నా వంకాయలు కోశారా?” అని కేకేసేది. అన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కుని “గాడ గాడ, గా మూలకు నీళ్ళు పెట్టు” అనేవారు. ఎవరి చేనో, ఎవరి మౌసో తెలియని మధ్యాహ్నాలవి.

అప్పటికి క్యాంపస్ నిండా టెంట్లు, పాటలు, ఊరేగింపులు. ఒకరోజు నడక అయ్యాక బెంచీ మీద పదిమంది ఉండగా ఆయన అన్నారు: “రాష్ట్రమొస్తే నీకు వీసా తియ్యాలె తమ్మీ. ఫొటోలు దిగి పెట్టుకో.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటకు తగిన జవాబు నేను అక్కడికక్కడే విసిరి బెంచీ అంతటినీ పడీపడీ నవ్వించానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. ఏమీ అనలేదు. నలభై ఏళ్ళుగా ఆ చెట్ల కింద నడిచినవాణ్ణి, జీవితమంతా ఇంకొకళ్ళని ఆటపట్టించినవాణ్ణి, ఆ ఒక్క జోకు మాత్రం నాకు అరగలేదు. మర్నాడు నడకకు వెళ్ళలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు గేట్ల దగ్గర ముళ్ళకంచెలు పడ్డాయి, నాకు సాకు దొరికింది. ఆయనా మా ఇంటికి రావడం మానేశారు.

మూడో పొలం మాత్రం నా కంప్యూటర్‌లో ఉండిపోయింది.

“ఆయన మీద అలిగారు, సరే. ఆయన చేను ఏం చేసిందండీ?” అంది మా ఆవిడ.

అందుకని నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాను. ఉన్న మక్కలు కోసేసి, తొందరగా కాపుకొస్తుందని ఆయన చేలో బెండ వేశాను. మనసులో ఉన్నది ఒకటే: ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్న రోజు చేను ఎండి ఉండకూడదు. చేనంటూ పచ్చగా ఉంటే రావడానికి ఒక కారణం మిగిలి ఉంటుంది కదా.

ఇంతలో కంప్యూటర్ మొరాయించింది. మౌస్ నొక్కితే తెరమీద పార ఎప్పటికో కదిలేది. డబ్బా ముందున్న ఎర్రదీపం ఆరేది కాదు, లోపల ఫ్యాన్ రోలర్ మిల్లులా మోత. గొడవ జరిగే రోజుల్లో మరీ ఎక్కువ. ప్రభుత్వమే నెట్‌ను నెమ్మది చేస్తోందని అపార్ట్‌మెంట్ అంతా చాటాను. మా ఆవిడ ఆ మాట నమ్మలేదు. టియర్ గ్యాస్ వాసనకు కిటికీలన్నీ బిగించుకుంటున్నాం, గది కాలిపోతోంది, దానికీ ఊపిరాడటం లేదేమో అంది. అంటూనే, తానే కుట్టి డబ్బాకు తొడిగిన పూల గలీబు వైపు చూసింది. టీవీకి, ఫ్రిజ్‌కు, మిక్సీకి తొడిగినట్టే దానికీ తొడిగింది పాపం. గాలి పోయే చిల్లులన్నీ పూల కింద ఉన్నాయి.

గలీబు తీశాను. సర్జన్‌లా డబ్బా విప్పి దుమ్ము దులిపానని చెబుతుంటాను గానీ, షాక్ కొడుతుందేమోనని ఆవిడ రబ్బరు చెప్పులు వేసుకుని, దూరం నుంచి కుంచెతో ఊడ్చాను. పక్క పలక తీసేసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. ఆటలో బొమ్మల నాణ్యత తగ్గించాను, కోళ్ళ అరుపులు ఆపేశాను, సరిగ్గా మధ్యాహ్నమే లేచి తనిఖీ చేసే యాంటీవైరస్‌ను తెల్లవారుజాముకు మార్చాను. బంద్ లేని రోజు చూసుకుని, షేర్ ఆటోలో వెళ్ళి మెమరీ చిప్ ఒకటి తెచ్చి గుచ్చాను. టియర్ గ్యాస్ మధ్య నడిచి వెళ్ళి తెచ్చానన్నది మీరెక్కడైనా విని ఉంటే, అది నేను చెప్పిందే.

కంప్యూటర్ కుదుటపడింది. రెండు పొలాలు చకచకా నడిచాయి. మూడోది మాత్రం ఉన్నట్టుండి పడిపోయేది. సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ పాస్‌వర్డ్ అడిగే పేజీ వచ్చి కూర్చునేది. బ్రౌజర్ లోపమనుకుని ఆయన పొలాన్ని నా బ్రౌజర్‌లోకి, నా పొలాన్ని ఆయన బ్రౌజర్‌లోకి మార్చాను. నాది నిలిచింది. ఆయనది అక్కడా పడిపోయింది. మా ఆవిడ పొలాన్నీ అలాగే మార్చి చూశాను. ఎక్కడ పెట్టినా పడేది ఆయనదే. అంటే జబ్బు నా కంప్యూటర్‌ది కాదు. ఆ ఖాతాది.

ఆ రోజు మళ్ళీ ఆయన పొలంలోకి వెళ్ళి చూస్తున్నాను. భుజం మీదుగా మా ఆవిడ వంగింది.

“మీరు బెండ వేశానన్నారుగా?”

“వేశాను.”

“మరి ఇది మొక్కజొన్న కదండీ!”

చేనంతా మక్కలు. అప్పుడే మొలకెత్తినవి. పక్కనే నా పొలం చూస్తే, నిన్న కరెంటు లేక వాడిపోయిన నా టమాటాలు లేచి నిలబడి ఉన్నాయి. ఎవరో నీళ్ళు పోశారు.

ఒక ఖాతాను ఇంకొకచోట తెరిస్తే మొదటిచోట మూసుకుపోతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మూడు బ్రౌజర్లు దించింది నేనే మరి! విద్యానగర్‌లో ఏ నెట్ సెంటర్‌లోనో కూర్చుని ఆయన తన ఊరి పేరు టైపు చేస్తుంటే, ఇక్కడ నేను మెమరీ చిప్‌లు గుచ్చుతున్నాను.

ఫోన్ చేయలేదు. ఆయనా చేయలేదు. సాయంత్రం కాగానే మూడో విండో తెరిచి, ఏదీ ముట్టకుండా కూర్చునేవాణ్ణి. కాసేపటికి అది పడిపోయేది. “వచ్చారు,” అనేవాణ్ణి. మా ఆవిడ టీ తెచ్చేది.

ఒక వారం అది పడలేదు. ఆ తర్వాతా పడలేదు. మక్కలు కోతకొచ్చి అలాగే నిలబడ్డాయి. నేను విద్యానగర్ పరిగెత్తుకుంటూ వెళ్ళానని, ఆయన గుమ్మంలోనే నన్ను కావలించుకున్నారని చెబితే వినడానికి బాగుంటుంది. వెళ్ళాను. ఇంటికి తాళం ఉంది. కూతురి దగ్గరికి కరీంనగర్ వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ మెట్ల మీదే కూర్చుని ఫోన్ చేశాను.

“ఏంది తమ్మీ, మక్కలు తెంపినవా?” నిన్న మాట్లాడి ఆపినట్టు అడిగారాయన.

“మీ చేను, మీరే కోయాలి.”

“కండ్లు మంచిగ కనబడ్తలేవయ్యా. ఆపరేషనన్నరు, అదీ సక్కగ కాలే. ఎంత ఎత్తుకొచ్చినయ్, చెప్పు.”

ఆటలో మక్క నా బొటనవేలంత ఉంటుంది.

“మనిషెత్తు. కంకులు బరువుకు వంగిపోతున్నాయి. చేనుకు అటువైపు ఏముందో కూడా కనిపించట్లేదు.”

“ఊ... కోతలు కొయ్యకు.” అంటూనే, “గట్టు పొంటి ఎట్లున్నయ్?” అన్నారు.

అప్పటినుంచి మధ్యాహ్నాలు ఫోన్‌లో చేను చెప్పేవాణ్ణి. ఆటలో లేని పిట్టలు తోలాను, లేని వాన కురిపించాను. ఎప్పుడొస్తారంటే “రాష్ట్రమొచ్చినంక” అనేవారు. “అప్పుడు నాకు వీసా?” అంటే “నీకు నేనే ఇస్త తియ్” అనేవారు. బిల్లు పాసైన రోజు ఫోన్‌లో ఆయన ఏడ్చారు. రాష్ట్రం పుట్టిన జూన్ రాకముందే పోయారు.

ఆ తర్వాత ఆ ఆటను కూడా మూసేస్తున్నామని కంపెనీవాళ్ళు తెరమీద రాశారు. ఆఖరి సాయంత్రం మూడు విండోలూ పక్కపక్కన తెరిచాను. పార చెప్పినచోటికి చటుక్కున కదిలింది, ఫ్యాన్ మోత లేదు. చీకటి పడేదాకా మూడోది ఒక్కసారి కూడా పడిపోలేదు. ఆ కంప్యూటర్ అంత బాగా ఎప్పుడూ పనిచేయలేదు.