దండగ అని చెప్పాను

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధం నాతోపాటే తింటోంది, నాతోపాటే ఆఫీసుకి వస్తోంది, నలుగురిలో కూర్చున్నప్పుడు నాతోపాటే నవ్వుతోంది. పెద్ద అబద్ధమేమీ కాదు. ఒక్క మాట. "దండగ" అన్నాను, అంతే. ఆ మాట ఇంత బరువెలా అయిందో ఎవరికైనా చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళయితే సగంలోనే నన్ను సమర్థించడం మొదలుపెడతారు.

మేముండేది పార్సిప్పనీలో. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నా భార్య స్రవంతి హన్మకొండ అమ్మాయి. మైక్రోబయాలజీ చదివి, హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తూ ఉండగా నన్ను పెళ్ళిచేసుకుని ఇక్కడికొచ్చింది. హెచ్-ఫోర్ వీసా. అంటే ఇక్కడ ఉండొచ్చు, వండొచ్చు, తినొచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. మొదటి చలికాలమంతా ఆమె అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్ లాట్‌లో మంచు తీసే బండిని చూస్తూ గడిపింది.

ఇంట్లో బీరు చేయడం నా సరదా. ఆఫీసులో ఒకతను నేర్పాడు. మొలకెత్తించిన బార్లీ, అదే మాల్ట్, మరిగించడం, చల్లార్చడం, అది పులియడానికి ఈస్ట్ వేయడం, కొన్ని వారాలు ఆగడం. నేను చేసిన మొదటి బీరు తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. స్రవంతి ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "నువ్వు బీరు చేస్తలేవు. ఈస్ట్‌ను సంపుతున్నవు" అంది.

అక్కడి నుంచి ఆ పని ఆమెదైంది. ఎప్పుడైందో నేను గమనించలేదు. గమనించనట్టు ఉన్నానేమో. మా కాంప్లెక్స్ వెనక ఒక మల్బరీ చెట్టు ఉండేది. దాని పళ్ళ మీద ఉండే ఈస్ట్‌ని పట్టి పెంచుతానంది. జెల్లీలా గడ్డకట్టే చైనా గ్రాస్ కాచి చిన్న గాజు పళ్ళేల్లో పోసి, దాని మీద పెంచింది. ఫ్రిజ్‌లో దోశెల పిండి పక్కన వరసగా సీసాలు. రోజూ మూత తీసి వాసన చూసేది. చాలావాటిని సింకులో పారబోసింది. ఒక్కటి మిగిలింది. దానితో, తాటిబెల్లం వేసి, నల్లటి బీరు చేసింది. అది తాగినరోజు నేను గ్లాసు ఖాళీ చేసి, అడక్కుండానే ఇంకోటి పోసుకున్నాను. అంత బాగుంది. అంత బాగున్నందుకు నాకెక్కడో కొంచెం మండింది కూడా. ఆ మంటని అప్పుడు గుర్తుపట్టలేదని మీతో అనాలని ఉంది. కానీ గుర్తుపట్టాను.

ఆ వేసవిలో ఒహాయోలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళ పెద్ద కాన్ఫరెన్స్ జరిగింది. దేశం నలుమూలల నుంచీ వస్తారు. పగలంతా పాఠాలు, సాయంత్రం ఒక్కో క్లబ్బు ఒక్కో బల్ల వేసుకుని తమ బీరు పోస్తుంది. ఇద్దరం వెళ్తే టికెట్లు, హోటలు కలిపి తడిసి మోపెడవుతుంది. "ముందు నువ్వు పొయ్యి చూసిరా. ఫాయిదా ఉంటే వచ్చే ఏడు ఇద్దరం పోదాం" అని ఆమే అంది. నేను కాదనలేదు. ఈస్ట్ ఆమెది, చెట్టెక్కి పళ్ళు కోసింది ఆమె, వెళ్ళేది నేను. ఇది తప్పుగా ఉందే అని ఒక్కసారైనా అనిపించలేదా? అనిపించింది. మా ఊరి బీరు క్లబ్బులో సభ్యుణ్ణి నేనే కదా అని సర్దిచెప్పుకున్నాను. స్రవంతి సీసాలని నా టీషర్టుల్లో చుట్టి, కూలర్‌లో సర్ది, ఎంత చల్లగా పోయాలో రెండుసార్లు చెప్పి పంపింది.

కాన్ఫరెన్స్ నాకు నచ్చలేదు. ఇది మాత్రం నిజం. ఎక్కడ చూసినా లైన్లు. గడ్డాలవాళ్ళు గుంపులు గుంపులుగా నిలబడి ఒకళ్ళ జోకులకి ఒకళ్ళు నవ్వుకుంటున్నారు. పాఠాల్లో సగం సామాను అమ్ముకోవడానికే చెప్పినట్టున్నాయి, మిగతా సగం నాకు అర్థం కాలేదు. ఈస్ట్ గురించి ఒకావిడ చెబుతుంటే హాలంతా రాసుకుంటోంది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. స్రవంతి ఇక్కడుంటే ముందు వరసలో కూర్చునేది, లేచి ప్రశ్నలడిగేది అని తోచింది. అలా తోచినందుకు విసుగొచ్చింది. ఎవరి మీద? అప్పుడు హాలు మీద అనుకున్నాను.

సాయంత్రం మా బల్ల దగ్గర నేను నల్లబీరు పోస్తున్నాను. ఒక పెద్దాయన వచ్చాడు. పెన్సిల్వేనియాలో చిన్న బ్రూవరీ నడుపుతున్నాడట. ఒక గుక్క తాగాడు. ఆగాడు. మళ్ళీ తాగాడు. వెళ్ళిపోతున్న స్నేహితుణ్ణి వెనక్కి పిలిచి తాగించాడు.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆయన సంతోషంగా బల్ల మీదకి వంగి, ఈస్ట్ ఎక్కడ దొరికింది, ఎన్ని తరాలు పెంచావు, పుల్లబడకుండా ఎలా ఆపావు అని వరసగా అడిగాడు. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. ఏదో నసిగాను. ఆయన నా మొహంలోకి చూసి నవ్వాడు. వెక్కిరింపు లేదు అందులో.

"సరే, నిజంగా ఎవరు చేశారు?"

"నా భార్య."

"మరి నువ్వెందుకొచ్చావు?"

సరదాకే అన్నాడు. పక్కనున్నవాళ్ళు కూడా సరదాగానే నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన సీరియస్‌గా చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా బీరు చేస్తున్నాను, ఇలాంటి ఈస్ట్ నా చేతికి రాలేదు, దీన్ని పట్టినామెకి గొప్ప ముక్కు ఉంది, గొప్ప ఓపిక ఉంది అన్నాడు. వచ్చే ఏడాది ఈస్ట్ పాఠాలు ఏర్పాటు చేసేవాళ్ళలో తనూ ఉన్నాడట. ఆమె వచ్చి స్టేజి మీద మాట్లాడాలి, తప్పకుండా నాకు ఫోన్ చేయమను అని నంబరిచ్చాడు. ఆమెకి ఉద్యోగం చేసే వీసా లేదన్నాను. "ఉద్యోగం ఎవరిస్తానన్నారు? వచ్చి మాట్లాడమంటున్నాను" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఈ సంగతి ఆమెకి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. చెప్పగానే ఆమె మొహం ఎలా వెలుగుతుందో కూడా ఊహించుకున్నాను. ఆ తర్వాత, ఆ హాల్లో ఆమె స్టేజి మీద, నేను ఆమె పర్సు పట్టుకుని కింద, ఆ పెద్దాయన నన్ను చూపించి పక్కవాళ్ళతో "ఇతనే" అనడం, ఇవన్నీ కూడా కనిపించాయి. పెన్సిల్వేనియాలో ఎక్కడో పెట్రోలు పోయించుకోవడానికి ఆగి, ఫోన్లోంచి ఆ నంబరు తీసేశాను.

తలుపు తీస్తూనే అడిగింది. "ఎట్లుండె? పోయినందుకు ఫాయిదా ఉన్నదా?"

"ఏం లేదు. దండగ" అన్నాను. లైన్ల గురించి చెప్పాను. సామాను అమ్ముకునేవాళ్ళ గురించి, హోటల్ ఖర్చు గురించి చెప్పాను. చెప్పినవన్నీ నిజాలే. నిజాలన్నీ ఒకచోట చేర్చి అబద్ధం చేశాను.

"మనది ఎవరన్న తాగిన్రా? ఏమన్నరు?"

"బాగుందన్నారు. అక్కడ అందరివీ బాగున్నాయనే అంటారు."

ఆమె తలూపింది. కూలర్ కడగడానికి తీసుకెళ్ళింది.

ఆ తర్వాత ఏదో ఘోరం జరిగిపోయిందని చెప్పడానికి లేదు. ఘోరమేదైనా జరిగుంటే అప్పుడే ఒప్పుకునేవాణ్ణేమో. ఆమె ఇంకో రెండుసార్లు బీరు చేసింది. చలికాలంలో సీసాల్లోని ఈస్ట్‌కి మేత వేయడం మానేసింది. ఒకరోజు ఫ్రిజ్‌లో చోటు ఖాళీగా కనిపించింది. "పారబోసిన. ఎవ్వరి కోసం?" అంది. మల్బరీ చెట్టు అక్కడే ఉంది, మళ్ళీ పట్టొచ్చు అని నేననలేదు. కొన్నాళ్ళకి వర్క్ పర్మిట్ వచ్చింది. మైక్రోబయాలజీ ఉద్యోగానికి, మధ్యలో ఇంత గ్యాప్ ఉంటే ఎవరు తీసుకుంటారని, అందరిలాగే టెస్టింగ్ కోర్సు చేసి ఐటీలో చేరింది. ఆ పని బాగానే చేస్తుంది. ఇంటికొచ్చాక దాని గురించి ఒక్క మాటా మాట్లాడదు.

నేను మాత్రం మా క్లబ్బులో కాన్ఫరెన్స్ మీద పెద్ద నిపుణుణ్ణయ్యాను. వేసవి వస్తోందంటే ఎవరో ఒకరు అడుగుతారు, వెళ్ళడం వర్తేనా అని. అడిగినప్పుడల్లా నాకు చిరాకు. అయినా చెప్పేవాణ్ణి, లైన్లు, ఖర్చు, అమ్మకాలు. చెప్పీ చెప్పీ నా అబద్ధం ఒక అభిప్రాయంలా నున్నగా తయారైంది. కొన్నిసార్లు నేనే నమ్మాను. నమ్మితే మరి ఆ చిరాకెందుకు?

పోయిన నెల, ఒక ఆదివారం మధ్యాహ్నం, పిస్కాటవేలో స్నేహితుల ఇంట్లో భోజనాలకి కలిశాం. హారిక అని అక్కడ ఫార్మా కంపెనీలో పనిచేసే అమ్మాయి, ఈమధ్యే ఇంట్లో బీరు చేయడం మొదలుపెట్టింది. "అన్నా, ఈసారి కాన్ఫరెన్స్‌కి బుక్ చేద్దామనుకుంటున్నా. ఖర్చు చూస్తే భయమేస్తోంది. వర్త్ అంటారా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే స్రవంతి అందుకుంది. "ఎందుకు హారికా, దండగ. ఈయన పొయ్యొచ్చిండు గదా. లైన్లల్ల నిలబడుడే సరిపోతదంట. అంతా సామాన్లు అమ్ముకునేటోళ్ళేనంట. అక్కడ ఎవ్వరిదైనా బాగుందనే అంటరంట, అంతే."

నా మాటలు. ఒక్కటీ పొల్లుపోకుండా దాచుకుంది. హారిక "అంతేనా అక్కా" అని నీరుగారిపోయింది. నా చేతిలో పెరుగన్నం గిన్నె ఉంది. బల్ల మీద పెట్టేశాను.

ఇంటికొచ్చేటప్పుడు, కార్లో, హైవే ఎక్కగానే చెప్పేశాను. పెద్దాయన, నేనే అనడం, ఆయన నవ్వడం, స్టేజి, నంబరు, పెట్రోల్ బంకు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంతా చెప్పాను. రెండు ఎగ్జిట్లు దాటాం.

"ఏమన్నడు?" అంది చివరికి.

"ఎవరు?"

"ఆయన. ఈస్ట్ గురించి ఏమన్నడు? అచ్చం ఆయన అన్నట్టే చెప్పు."

చెప్పాను. గొప్ప ముక్కు, గొప్ప ఓపిక. ఒక్క మాటా మర్చిపోలేదు నేను.

"మళ్ళ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"నంబర్ లేదు గదా?"

"లేదు. పేరు కూడా గుర్తులేదు."

ఆమె ఫోన్ తీసి హారికకి చేసింది. "హారికా, నేను ఇందాక చెప్పింది పట్టించుకోకు. నాకు తెల్వక చెప్పిన. నువ్వు పో. టికెట్ ఇయ్యాలనే బుక్ చెయ్యి" అంది. గొంతులో ఏమీ తేడా లేదు. ఫోన్ పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మా ఎగ్జిట్ వచ్చింది. హైవే దిగాం.

ఆ తర్వాత ఆమె ఈ విషయం ఎత్తలేదు. వంట చేస్తుంది, నాతో సరుకులకి వస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే క్షమిస్తుందేమోనని భయం. అంత తేలిగ్గా పోకూడదు ఇది.

ఒక్కటి మాత్రం నన్ను తొలుస్తోంది. ఎందుకు చేశావని ఆమె అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. కార్లో వెనక సీటు నిండా సాకులు సర్దుకుని కూర్చున్నట్టు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. ఖర్చు, వీసా, అందరి ముందూ నవ్వులపాలవడం. ఆమె అడిగుంటే వాటిల్లో ఏదో ఒకటి తీసి ఇచ్చేవాణ్ణి. అడగలేదు కాబట్టి అసలుది నాలోనే ఉండిపోయింది. అందుకే మీకు రాస్తున్నాను. నా భార్య నాకంటే గొప్పదని ఒక కొత్త మనిషి ఒక్క గుక్కలో కనిపెట్టాడు. నేను ఓర్వలేకపోయాను. అంతే. వేరే కారణం ఏదీ లేదు.