వదులైన రంపం

పామర్రులో మా కలప అడితిలో రంపం మిషను పెట్టింది, నడిపేది సాయిబు మేస్త్రి. రోజూ పొద్దున, చక్రాల మీద తిరిగే పట్టీలాంటి రంపాన్ని బిగించి, గోటితో మీటి, ఖంగుమంటేనే స్విచ్ వేసేవాడు. సాయంత్రం మళ్లీ వదులు చేసేవాడు.

"రోజూ ఏం తంటా మేస్త్రీ ఇది?" అన్నాను.

"రాత్రంతా నిన్ను బిగించి కడితే పొద్దున లేస్తావా? అదీ అంతే. తెగి నీ మీదే పడుద్ది."

ఒక మధ్యాహ్నం మేస్త్రి మిషను పక్కనే గుండె ఆగి పోయాడు. రంపం బిగించినట్టే వదిలేసి, తాళమేసి, అందరం ఖననానికి వెళ్లాం.

మర్నాడు నేనే తాళం తీశాను. ఆయనలాగే మీటి చూస్తే రంపం పలకలేదు. వదులుగా వేలాడుతోంది. చూడకుండా స్విచ్ వేసుంటే జారొచ్చి నా చెయ్యి తీసేది. తాళంచెవి మాత్రం రాత్రంతా నా మొలతాడుకే ఉంది.

ఆ రోజు నుంచి సాయంత్రం నేనే వదులు చేస్తున్నా. ఆయన మళ్లీ రావాల్సిన పని పెట్టకూడదు.