ఫోటోలో నాలుగో మనిషి

దుబాయ్ నుంచి తెచ్చిన వస్తువుల్లో అమ్మకు దుప్పటి నచ్చింది, మా ఆవిడ పద్మకు టార్చిలైటు నచ్చింది. కెమెరా మాత్రం నా కోసమే కొన్నాను. దానికో మీట ఉంది. నొక్కితే పది సెకన్లు ఎర్రలైటు మిణుకుమిణుకుమని, తర్వాత దానంతటదే ఫోటో తీస్తుంది. ఆ పది సెకన్లలో ఉరికి నేనూ మావాళ్ళ పక్కన నిలబడొచ్చు. ఇది తొంభైల మొదట్లో సంగతి. మా పాప స్రవంతి మూడు నెలల పిల్లప్పుడు వెళ్ళినవాడిని, నాలుగేళ్ళకు ఆర్మూరు వచ్చాను. పాపతో కలిసి నేనున్న ఫోటో ఒక్కటీ లేదు. సెలవు ఇంకా పది రోజులే మిగిలింది.

అక్కడున్నప్పుడు ఇంటి నుంచి మూడు ఫోటోలు వచ్చాయి. ప్రతి దాంట్లో అమ్మ, పద్మ, పాప, పక్కన ఎవరో ఒకరు. ఒకసారి గాజులమ్మే ఆమె, బుట్టతో సహా. ఇంకోసారి పసుపు ఉడకబెట్టడానికి వచ్చిన కూలాయన. మూడోసారి స్టూడియో పక్కన కొట్టు ఉన్న దర్జీ, మెడలో టేపుతో. ఆ దర్జీని చూసి నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు, నవ్వకండి. తర్వాత ఉత్తరంలో తెలిసింది. ముగ్గురు కలిసి ఫోటో దిగితే కీడని అమ్మ నమ్మకం. ఇంట్లో ఉన్నది ముగ్గురే కనుక నాలుగో మనిషిని బయటి నుంచి పిలుచుకునేవాళ్ళు.

పోచంపాడు ప్రాజెక్టుకు పోదామన్నాను. కళ్ళంలో పసుపు ఆరుతోంది, నేను రానంది అమ్మ. పక్కింటివాళ్ళు చూసుకుంటామన్నాకే చెప్పులేసుకుంది. పొద్దున ఎనిమిదికి ఆర్మూరు బస్టాండులో నిర్మల్ బస్సెక్కాం. నాలుగేసి రూపాయల టికెట్టు, అరగంటకు పైగా ప్రయాణం. హైవే మీద దిగితే ప్రాజెక్టు దాకా జీపులు దొరికేవి, మనిషికి రూపాయి.

"ఫారిన్ కెమెరానా అన్నా?" అడిగాడు జీపు డ్రైవరు.

"దుబాయ్‌ది."

"మా తమ్ముడు గూడ గాడనే ఉన్నడు. మళ్ళ ఎప్పుడు పోతున్నవ్?"

వచ్చినవాడిని ఎప్పుడు పోతావని అడగడం మా దిక్కు మామూలే. ఆ పూట మాత్రం ఎందుకో గుచ్చుకుంది. పద్మ బయటికి చూస్తూ కూర్చుంది. పాప వాళ్ళ నాయనమ్మ ఒడి దిగలేదు. చాక్లెట్ చూపిస్తే చేయి చాచి తీసుకుని, మళ్ళీ అక్కడికే సర్దుకుంది.

తొమ్మిదిన్నరకు కట్ట దగ్గరున్నాం. గేట్లన్నీ మూసి ఉన్నాయి, నీళ్ళు కనుచూపు మేర నీలంగా ఉన్నాయి. గాలికి కొంగులు నిలవడం లేదు. దారి పక్కన ఒకామె రేకుల షెడ్డులో చేపలు వేయిస్తోంది. ప్లేటు పది రూపాయలు. పిల్లలుంటే ముళ్ళు తక్కువున్న ముక్క అడగండి, విసుక్కోకుండా ఏరి ఇస్తారు. తిని చేతులు కడుక్కున్నాక, కెమెరాను గోడ మీద పెట్టి ముగ్గురినీ ఎదురుగా నిలబెట్టాను. మీట నొక్కబోతుంటే పాప చేయి విడిపించుకుని షెడ్డు వైపు పరుగెత్తింది. వెళ్ళి చేపలామె కొంగు పట్టుకుంది.

"పెద్దమ్మా, ఫోటోకు రా. మేం ముగ్గురమే ఉన్నం."

"నా చేపలు మాడ్తయ్ బిడ్డా. మీ బాపు ఉన్నడు గద, నల్గురైతరు."

"బాపు ఫోటో తీస్తున్నడు గద!"

అమ్మ పకపకా నవ్వింది. పద్మ నవ్వలేదు. "దానికి గట్లనే అలవాటైంది" అంది నా ముఖం చూడకుండా. పాప లెక్కలో తప్పేమీ లేదు, అదే నాకు బాధ. చేపలామె మూకుడు దించి, పాపను ఎత్తుకొచ్చి మావాళ్ళ మధ్య నిలబెట్టి వెళ్ళింది.

మొదటిసారి వాళ్ళను చేరకముందే టక్కుమంది. నా వీపు పడి ఉంటుంది. "జల్ది ఉర్కు కొడుకా, దుబాయ్‌ల గిదేనా నేర్సుకున్నది?" అంది అమ్మ. రెండోసారి అందుకున్నాను. రొప్పుతూనే చివర నిలబడి, నవ్వాను కూడా.

రీలు నిజామాబాద్‌లో కడిగించాను. విమానానికి రెండు రోజుల ముందు ఫోటోలు చేతికొచ్చాయి. ఎండ బాగా పడింది, అన్ని ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి. అమ్మ, పద్మ, మధ్యలో పాప, ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. చివరన, జానెడు ఎడంగా, చేతులు కట్టుకుని నేను. పాత ఫోటోలు మూడూ తీసి పక్కన పెట్టాను. గాజులామె, కూలాయన, దర్జీ నిలబడింది అదే చోట, అంతే ఎడంగా. నాలుగేళ్ళూ వాళ్ళు నా చోటులో నిలబడ్డారనే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నేనే వాళ్ళ చోటులో నిలబడ్డాను, పిలిస్తే వచ్చినవాడిలా. ఏడుపొచ్చింది. పద్మకు కనిపించకుండా ఫోటో సూట్‌కేసులో బట్టల కింద పెట్టి, దాంతోనే మళ్ళీ వెళ్ళాను.

ఇప్పుడు ఫోన్లలో కూడా టైమరుంది. ప్రాజెక్టుకు వెళ్తే పదింటిలోపు ఫోటోలు తీసుకోండి, తర్వాత ఎండకు కళ్ళు చికిలించుకుంటారు. టైమరు నొక్కే ముందు మీవాళ్ళను కాస్త జరగమని చెప్పి, మీ చోటు మధ్యలో ఖాళీ పెట్టించుకోండి. చివరన మాత్రం వద్దు.