సముద్రం వైపు జానెడు

మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టుకి తూర్పున ప్రహరీగోడ, గోడ దాటితే రోడ్డు, రోడ్డు దాటితే సముద్రం. సాయంత్రం మేం బంతి పట్టుకునే వేళకి గాలి మొదలయ్యేది, ఇళ్ళకు వెళ్ళేదాకా ఆగేది కాదు. అందుకని టీములో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ సీనియర్లు మొట్టమొదట చెప్పే పాఠం ఒకటే. దూరం నుంచి వేసేటప్పుడు రింగుకి గురిపెట్టకు, రింగుకి సముద్రం వైపు జానెడు పక్కకి వెయ్యి, మిగతాది గాలి చూసుకుంటుంది. బంతి ఎటో పోతున్నట్టు బయల్దేరి, దారిలో మనసు మార్చుకున్నట్టు ఒంగి వలలో పడేది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన జట్లు తెల్లమొహాలు వేసేవి. మాకది మహా సరదా.

ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, గొప్పే. డెబ్భైల చివర, రెండో ఏడు బి.ఏ. చదువుతూ ఫార్వర్డ్‌గా ఆడేదాన్ని. ఫార్వర్డ్ అంటే బాస్కెట్లు వేసే మనిషి, చప్పట్లు కొట్టించుకునే మనిషి.

మా నాన్నని అబ్బాజాన్ అనేవాళ్ళం. ఆయనకి పూర్ణా మార్కెట్ దగ్గర తాళ్ళ దుకాణం ఉండేది. పడవలవాళ్ళకి లంగరు తాళ్ళు, మిగతా ఊరికి బావి తాళ్ళు. ఇంట్లో ఉర్దూ తప్ప మాట్లాడని మనిషి, గొప్పలు చెప్పుకోవడానికి మాత్రం తెలుగులోకి వచ్చేసేవారు. తాళ్ళు కొనేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే మరి. నా ఆట ఎన్నడూ చూడలేదు గానీ, నేను వేసిన బాస్కెట్ల సంగతి మర్నాటికి బజారంతటికీ తెలిసిపోయేది. ఒక్కోసారి నేను వెయ్యనివి కూడా.

ఆ ఏడు పోటీలు సముద్రానికి చాలా దూరంగా ఉన్న ఊళ్ళో జరిగాయి. వానలని నాలుగు గోడల మధ్య, ఒక పెద్ద హాల్లో పెట్టారు. అక్కడ ఆకు కదలదు. మొదటి మ్యాచిలో మేం వేసిన ప్రతి బంతీ రింగు పక్కన జానెడు దూరంలో పడింది. ఆ ఊరివాళ్ళు నవ్వారు. మిగతా అమ్మాయిలు రెండో మ్యాచికి సర్దుకున్నారు. నాకు కుదరలేదు. తిన్నగానే చూస్తాను, తిన్నగానే వేస్తున్నాననుకుంటాను, చెయ్యి మాత్రం లేని గాలికి జాగా వదిలిపెట్టేది. తిరుగు రైల్లో, మాకు ఆట నేర్పే పి.డి. మేడం నా పక్కన కూర్చుని, "వచ్చే సీజన్లో నిన్నెక్కడ పెట్టాలో ఆలోచించాలమ్మా" అన్నారు.

ఆ ఒక్కమాట నా వేసవి సెలవులన్నీ తినేసింది. వచ్చేది ఆఖరి ఏడు. ఐదుగురిలో ఉంటానా, లేక బెంచీ మీద కూర్చుని ఆడేవాళ్ళ చేతి గడియారాలు దాస్తానా? పొద్దున్నే గాలి లేవకముందు కోర్టుకి వెళ్ళి వేసి చూశాను. లాభం లేకపోయింది.

కాలేజీ తెరిచాక మేడం పిలిచారు. ఆవిడ పక్కన ఒక కొత్తమ్మాయి నిలబడి ఉంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర జాలరిపేట పిల్ల. ఆటసామాన్ల గది గుమ్మంలోంచి తల వంచుకుని బయటికి వచ్చిందంటే ఎంత పొడుగో మీరే ఊహించుకోండి.

"ఈ అమ్మాయి బోర్డు కింద ఉంటుంది. అంత దగ్గర్నుంచి వేస్తే మన కోర్టయినా ఒకటే, హాలయినా ఒకటే. బంతి తనదాకా చేర్చే మనిషి కావాలి. నువ్వు గార్డువి" అన్నారు మేడం.

"నేను షూటర్ని కదా మేడం."

"అవును, మన కోర్టులో."

ఇంటిదాకా ఏడుస్తూనే నడిచాను. మా లెక్కలో గార్డంటే బంతి మోసే కూలీ. ఆ సంగతి అబ్బాజాన్‌కి చెప్పడానికి నోరు రాలేదు.

మొదట్లో ఆ పిల్లకి బంతిని కాస్త కసిగానే విసిరేదాన్ని. ఒక్కటీ జారవిడవలేదు సరికదా, "బాగుందక్కా, ఇలాగే ఇసురు" అనేది. కొన్నాళ్ళకి దగ్గరికొచ్చి, "అక్కా, ఇసిరేముందు నాకేసి సూడకు. నువ్వు సూత్తే ఆలకి తెలిసిపోతాది. నానక్కడే ఉంతాను" అంది. నిన్నగాక మొన్న వచ్చింది నాకు నేర్పడమేమిటని ఒళ్ళు మండింది. కానీ చూడకుండా విసిరి చూశాను. బంతి వెళ్ళింది, ఆ పిల్ల అక్కడే ఉంది.

ఆ ఏడు పోటీలు మా ఊళ్ళోనే జరిగాయి. ఫైనల్‌కి చేరాం. అబ్బాజాన్ జీవితంలో మొదటిసారి నా ఆట కోసం దుకాణం మూసి, పక్క ఉల్లిపాయల కొట్టాయన్ని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను ఒక్క బాస్కెట్టూ వెయ్యలేదు. వేసిందంతా ఆ పిల్లే, చప్పట్లన్నీ ఆ పిల్లకే. ఆఖరి నిమిషంలో ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయాం.

రిక్షాలో ఇంటికి బయల్దేరాం. దారిలో ఆయన ఉర్దూలో, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

"బాగానే ఉంది. ఇప్పుడు నా పని వెయ్యడం కాదు అబ్బాజాన్, అందించడం."

ఆయన తలాడించి ఊరుకున్నారు. ఓడిపోయినదానికన్నా ఆ ఊరుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బజారులో ఆయన తల దించుకునేలా చేశాననుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఎవరో పడవాయన తాడు బేరం చేస్తున్నాడు. అబ్బాజాన్ తెలుగులో ఉన్నారు. నేను గుమ్మంలోనే, తాళ్ళ చుట్టల చాటున ఆగిపోయాను.

"మా అమ్మాయా? ఏయడం మానీసింది. ఏసేవోలు ఏరే ఉన్నారు. బంతి మాత్రం మా అమ్మాయి సేతిలోనే ఉంటాది. ఎవులికియ్యాలో, ఎప్పుడియ్యాలో తనే సూస్తాది. తను ఇయ్యకపోతే ఆ పొడుగుపిల్ల సేసేదేటి లేదు, ఊరికే నిలబడుండాల."

అంతమందిలో నా ఆటని ఆయనే చూశారు. వచ్చే ఏడు కూడా గార్డుగానే ఆడాలనిపించింది, వచ్చే ఏడన్నది నాకు లేకపోయినా.

"మరి గెలిసినారా బావా?" అన్నాడు పడవాయన.

అబ్బాజాన్ తాడు కొస అందుకుని, "నీకెన్ని బారలు కావాలన్నావు?" అన్నారు.